నేను అతికించిన నాలుగు ఫోర్కులు

ఇరవై ఏళ్ళకు పైగా నాలుగు ఫోర్కుల బరువు మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. నేను మాత్రం ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పట్లో ఐటీ మంచి ఊపు మీదుంది. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రామర్‌గా ఉండేవాణ్ణి. ఇంగ్లండ్ బడిపిల్లల కోసం ఒక సీడీ తయారుచేస్తున్నాం. సుమారు ఐదు వందల ఏళ్ళ కిందట, టూడర్ రాజుల కాలంలో, మామూలు ఇళ్ళలో ఏ వస్తువులు ఉండేవో చూపించాలి. చెక్క పళ్ళెం, కొమ్ముతో చేసిన చెంచా, తోలు కూజా, కొవ్వులో ముంచి వెలిగించే రెల్లు దీపం. మౌస్‌తో నొక్కితే ఒక్కోదాని కథ వస్తుంది. బొమ్మలన్నీ పార్వతక్క వేసేది. మలేషియాలో పుట్టిన తెలుగావిడ, అక్కడివాళ్ళలాగే మాట చివర ‘లా’ అని తగిలించేది. లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చి, చెంచా పిడి ఎంత పొడవుండేదో కూడా చూసుకుని గీసేది.

భోజనాల బల్ల బొమ్మలో ఆమె కత్తులు, చెంచాలు వేసింది. ఫోర్కులు లేవు. అడిగితే, అప్పట్లో వాళ్ళూ మనలాగే చేత్తో తినేవాళ్ళని చెప్పింది. ఎలా నమ్ముతాను? ఇంట్లో వేళ్ళు నాక్కుంటూ తినే నేను, ఆఫీసువాళ్ళతో తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు వెళ్తే సిగ్గుపడి, ఫోర్కు పట్టుకుని అన్నంతో కుస్తీ పట్టేవాణ్ణి. అలాంటిది తెల్లవాళ్ళు చేత్తో తినడమా? సీడీ పంపే ముందు ఆమెకు చెప్పకుండా, ఆమె ఫైల్లోనే నాలుగు ఫోర్కులు అతికించాను. తప్పు దిద్దుతున్నాననే అనుకున్నాను. అంతవరకూ నాది వట్టి తెలివితక్కువతనం.

సీడీ చేయమన్న లండన్ కంపెనీ నుంచి ఘాటుగా జవాబొచ్చింది. మామూలు ఇంటి బల్ల మీద ఫోర్కులేమిటి, మిగతా బొమ్మల్ని ఎలా నమ్మమంటారు అని. బాస్ అందరి ముందూ పార్వతక్కను నిలదీశాడు. తాను వేయలేదంది. ఫైలు ఆమె పేరు మీదే ఉంది. వేరే ఎవరైనా ముట్టుకున్నారా అని ఆయన నన్నడిగాడు. సింగపూర్‌లో శాశ్వతంగా ఉండిపోవడానికి నేను పెట్టుకున్న పీఆర్ దరఖాస్తు మీద ఆయన సంతకం కావలసిన వారం అది. తెలియదన్నాను.

ఆమె ఉద్యోగం పోయింది. దాంతో సింగపూర్‌లో ఉండే పర్మిట్ పోయింది. పరీక్షల ముందు కూతుర్ని బడి మాన్పించి మలేషియాలోని ఇపో ఊరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

భయపడ్డానా? భయమే. కానీ భయం ఎన్నాళ్ళుంటుంది? ఆమెకు నెల రోజుల నోటీసు ఇచ్చారు. ఆ నెలంతా ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని, నోరు విప్పే వీలున్న ప్రతిరోజూ, విప్పకుండా ఉండటానికి ఒక కొత్త సాకు వెతుక్కున్న మనిషిని ఏమనాలి?

చివరిరోజు పెట్టెలు సర్దడంలో సాయానికి యూ టీ అనే పేటలో ఉన్న ఆమె ఫ్లాట్‌కు వెళ్ళాను. నా ముఖం చూసి ఆమే నన్ను ఓదార్చింది.

“ఏం తమ్ముడూ, ఎందుకంత దిగులు? నీ తప్పేముంది లా?”

“అక్కా, ఆ బొమ్మ...”

“నేనే వేసుంటాను లా. ఏదో పరధ్యానంలో వేసి మర్చిపోయుంటాను. ఇప్పుడు నా చేతిని నేనే నమ్మలేకున్నాను.”

నేను పెట్టెకు టేపు వేస్తూ ఉండిపోయాను.

ఉద్యోగం పోగొట్టినదానికన్నా ఇదే పెద్ద పాపం. అంత జాగ్రత్తగా గీసే మనిషికి తన మీద తనకే అనుమానం పుట్టించాను. తర్వాత ఆమె బొమ్మలు వేయడమే మానేసిందని విన్నాను. ఫోన్ నంబరు సంపాదించడం కష్టమేమీ కాదు. అయినా చేయలేదు. ఇప్పుడు కూడా పేరు దాచుకునే రాస్తున్నాను, చూశారా? క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఒక్కసారి రాసుకుంటేనైనా ఊపిరాడుతుందని రాస్తున్నాను.

అది నా పని, అక్కా. మీ చెయ్యి పొరబడలేదు.