రమ చేతి మీద పడిన సూది మందు

“కొత్త డాక్టరొస్తే నన్ను మరిచిపోతావు గదమ్మా?”

“మిమ్మల్ని మరిచినా మరుస్తా సార్, మీ సూదిని మాత్రం మరవను.”

మా పశువుల డాక్టరు సారూ నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన ఉద్యోగం దిగిపోయిన రోజు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత కొన్నాళ్ళకే ఆయన పోయారని తెలిసింది. ఆ సూది సంగతి పాడి చేసుకునే ఆడవాళ్ళకు తెలియాలని చెప్తున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తుంటే మా కోడలు రమ రాస్తోంది.

అది కరోనా తగ్గిన మరుసటేడు. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. మా ఆయన పోయినప్పటి నుంచి కొట్టంలో బర్రెల పని నాదే. తెల్లారే లోపల పాలు పితికి, ఆళ్లగడ్డ ఇళ్ళలో పోసి వస్తాను. కొడుకు అహోబిలానికి జీపు తోలుతాడు. రమ నంద్యాల పిల్ల, అప్పటికింకా కొత్త కోడలు.

ఆ ఏడు మా చుక్క బర్రె ఈని నెలలు గడిచినా ఎదకు రాలేదు. ఎదకు రాకపోతే చూడి కట్టదు, చూడి లేకపోతే మళ్ళీ పాలు లేవు. మా ఇంటికి ఆ పాలే తిండి. డాక్టరు సారును పిలిపించాను. ఆయన భుజం దాకా వచ్చే పొడుగు గ్లౌజు తొడుక్కుని, లోపల చెయ్యి పెట్టి చాలాసేపు చూశారు.

“కడుపు ఖాళీగానే ఉంది. అండాశయం మీద ఒక గడ్డ కరగకుండా ఉండిపోయింది. అందుకే ఎద లేదు. ప్రోస్టాగ్లాండిన్ సూది వేస్తే ఆ గడ్డ కరిగి నాలుగైదు రోజుల్లో ఎదకొస్తుంది” అన్నారు.

“అంత పేరు నాకు నోరు తిరగదు సార్. అది ఏం మందు?”

“బయటి మందు కాదమ్మా, ఒంట్లో పుట్టేదే. బర్రెకూ ఉంటుంది, నీకూ ఉంటుంది. దెబ్బ తగిలితే వాచేది, నొప్పి పుట్టేది దానివల్లే. తిండి పడే కడుపులో లోపలి పొరను కాపాడేది, మూత్రపిండాలకు రక్తం సరిగ్గా పోయేటట్టు చూసేది కూడా అదే. నువ్వు మోకాళ్ళ నొప్పికి మింగే బిళ్ళ దాన్నే ఆపుతుంది. నొప్పి తగ్గింది గదా అని రోజూ మింగితే కడుపు, మూత్రపిండాలు చెడిపోతాయి.”

“మంచిదా చెడ్డదా, అది చెప్పండి సార్.”

“ఎక్కడ ఎంత ఉండాలో అంత ఉంటే మంచిది” అని నవ్వారు. మందు సిరంజిలోకి ఎక్కిస్తూ గట్టిగా అడిగారు: “ఈ మందు గర్భసంచిని బిగిస్తుంది. చూడి బర్రెకు వేస్తే ఈసుకుపోతుంది, కడుపు నిలవదు. చర్మం మీద పడినా ఒంట్లోకి ఇంకుతుంది. నీళ్ళోసుకున్నోళ్ళు, ఆయాసం ఉన్నోళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కొట్టం బయటికి పోండి.”

“మా ఇంట్లో అట్లాంటోళ్ళు ఎవరూ లేరు సార్, ఎయ్యండి” అన్నాను. నేను ముందర పలుపు పట్టుకున్నాను. రమ వెనక తోక పట్టుకుని తల వంచుకుంది.

సూది దిగగానే చుక్క బర్రె ఎగిరి పక్కకు తిరిగింది. సూది కండలోనే ఉండిపోయింది, సిరంజి ఊడింది. అందులో మిగిలిన మందు రమ మణికట్టు మీద చిమ్మింది.

“సబ్బుతో కడుక్కో, తొందరగా!” అని డాక్టరు సారు అరిచారు.

రమ కదల్లేదు. నా వైపు చూడకుండా ఆయనతో అంది: “సార్, నాకు రెండో నెల.”

నేను పలుపు వదిలేశాను. కుళాయి కింద ఆమె చెయ్యి పట్టుకుని నేనే సబ్బు రుద్దాను. సారు పక్కనే నిలబడి, “ఇంకా కడుగు, ఇంకా” అంటూనే ఉన్నారు. “పడింది కొంచెమే, వెంటనే కడిగాం. అయినా ఆడవాళ్ళ డాక్టరుకు చూపించాల్సిందే” అన్నారు. మందు సీసాను కవరులో చుట్టి, అక్కడ చూపించమని నా చేతికిచ్చారు. కొడుకు జీపు అహోబిలం కొండ మీద ఉంది. పక్కింటాయన ఆటోలో నంద్యాలకు బయలుదేరాం.

ఆటో సగం దారి పోయింది. ఆఖరికి నేనే అడిగాను.

“ఏమ్మే, సారు అంత గట్టిగా అడిగినాడే, చెప్పలేదేం?”

“మూడో నెల పడేదాకా ఎవురికీ చెప్పొద్దని మా అమ్మ అనింది అత్తా.”

“ఎవురికీనా, నాకా?”

రమ ఏడ్చింది. “ముందుగాల మీ చెవిన పడగూడదనింది. మామ లేడు గదా, అందుకని.”

ముండమోసినదాని చెవిన మొదట పడితే కడుపు నిలవదట. మా వైపు ఆ మాట నేనూ విన్నదే. నా ఇంట్లో, నా మీదికే వస్తుందనుకోలేదు.

“ఆళ్లగడ్డలో బాలింతలంతా నా చేతి పాలే తాగుతాండారు. దానికి లేని దోసం ఈ చెవికి యాడిదే?”

ఆటో తోలే ఆయన అద్దంలో నుంచి నన్ను చూసి, “నిజమే గదమ్మా, మా ఇంట్లో గూడా నీ పాలే” అన్నాడు. రమకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. నాకు రాలేదు. కడుపులో బిడ్డ ఉందో పోయిందో అన్న భయం ముందు ఆ కోపం కూడా నిలబడలేదు.

ఆసుపత్రిలో సీసా చూపించి జరిగింది చెప్పాను. డాక్టరమ్మ స్కానింగు చేస్తూ నన్ను కూడా లోపలికి పిలిచింది. తెర మీద గింజంత చోట ఏదో టపటపా కొట్టుకుంటోంది. “గుండె బాగానే ఉంది. కడుపు నొప్పి గానీ, రక్తం మరకలు గానీ కనిపిస్తే వెంటనే రండి” అంది. ఆ మాట పట్టుకుని రోజూ రమ ముఖం చూస్తూ బతికాను. నొప్పి రాలేదు. మూడో నెల పడ్డాక వాళ్ళమ్మ పండ్లు తీసుకుని వచ్చింది. నేనే ఎదురుపోయి చెంబుతో నీళ్ళు ఇచ్చాను. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. చుక్క బర్రె కూడా ఎదకు వచ్చి చూడి కట్టింది.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను. డాక్టరు సారు బర్రె కడుపును చెయ్యి పెట్టి చూశారు. మనుషుల కడుపును నోటితో అడిగారు. బర్రె దగ్గర నిజం దొరికింది, మనుషుల దగ్గర దొరకలేదు. పది మందిలో అడిగితే మా పల్లెలో ఏ కొత్త కోడలూ చెప్పదు. అందుకే ఆ సూది వేసే రోజు నేను ఎవరినీ అడగను. వయసులో ఉన్న ఆడపిల్లలందరినీ కొట్టం బయటికి పంపించి, తోక నేనే పట్టుకుంటాను. ఎందుకు పొమ్మంటున్నానో వాళ్ళకు చెప్తాను. వాళ్ళ సంగతి వాళ్ళు చెప్పనక్కరలేదు, దూరంగా జరిగితే చాలు. మీ ఇళ్ళలో కూడా అట్లాగే చెయ్యండి.

ఏమ్మే రమా, మీ అమ్మ నన్ను అన్న మాట ఉన్నదున్నట్టు రాసినావా, సిగ్గుపడి దాటేసినావా? ఏదీ, మొదట్నుంచి చదువు, ఇంటాను.