ఒంటి తుమ్ము

ఎండకు ఇంకిపోతున్న చెరువు బురద వాసన ఎక్కడ తగిలినా నాకు అమ్మ తుమ్ము గుర్తొస్తుంది.

పాన్‌గల్ దగ్గర చెరువు ఒడ్డున అమ్మమ్మ ఇల్లు. ఎండాకాలం చుట్టాలందరం అక్కడే చేరేవాళ్లం. ఊరంతటికీ నిజాం రాజ్యం, మా తిరుగు ప్రయాణానికి మాత్రం తుమ్ము రాజ్యం. నాన్న వచ్చి బండి కట్టించగానే అమ్మ ఒకే ఒక్క తుమ్ము తుమ్మేది.

"ఒంటి తుమ్ము, అల్లుడా! గిప్పుడు పోవద్దు. రేపు పోండ్రి," అనేది అమ్మమ్మ.

"నిన్న గూడ గిదే తుమ్ము గదా, అత్తమ్మా?" అనేవాడు నాన్న.

ఎద్దులను విప్పేవారు. నన్ను మాత్రం పెద్దమ్మ కొడుకు మళ్లీ కట్టేవాడు. అతని బండి ఆటలో ఎద్దును నేనే. నా మెడకు తాడు పడే వేళకు, అమ్మ కూర్చుని పెంక మీది మొదటి జొన్నరొట్టె వేడిగా తినేది. మా ఇంట్లోనైతే అందరూ తిన్నాక మిగిలింది తినేది.

ఒక ఏడాది మూడోనాడు ఇక తట్టుకోలేక, బండిలో అమ్మ ఒళ్లోకెక్కి ఆమె ముక్కు గట్టిగా పట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా, ఊపిరాడ్తలేదు!"

"బండి కదిలినంక ఇడుస్త," అన్నాను.

నాన్న నవ్వి ఎద్దులను అదిలించాడు. చెరువు కట్ట దాటాక ముక్కు వదిలి చూస్తే, అమ్మ కళ్ల నిండా నీళ్లు. ముక్కులోంచి రాని తుమ్ము కళ్లలోంచి వస్తోందనుకుని, యుద్ధం గెలిచినంత సంబరపడ్డాను.

అది జలుబు కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అత్తగారింట్లో అమ్మ ఒక్కసారైనా తుమ్మగా నేను వినలేదు.