పొద్దున కదలని సైకిళ్లు

వనపర్తిలో అద్దెకు తిరిగే బ్యాటరీ సైకిళ్ల లెక్కలు చూడటం నా ఉద్యోగం. గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో కూడా మా సైకిళ్లున్నాయి కానీ నా ప్రాణం తోడేసింది మాత్రం మా ఊరే. ఎవరైనా ఫోనుతో తాళం తీసి, తొక్కుకుంటూ పోయి, ఇంకో స్టాండులో వదిలేయొచ్చు. ఏ సైకిల్ ఎక్కడుందో నా కంప్యూటర్ తెర మీద చుక్కలా కనిపిస్తుంది.

తంటా అంతా ఊరి చివరి కాలనీ స్టాండుతోనే వచ్చింది. సాయంత్రం సైకిళ్లన్నీ అక్కడికే చేరేవి. పొద్దున దాదాపు ఏదీ కదిలేది కాదు. వాటిని బస్టాండుకు తేవడానికి రోజూ డీజిల్ ట్రాలీ పంపేవాళ్లం. పొగ రాని సైకిళ్లను పొగ కక్కే బండిలో మోయడమేమిటని నాకు ఒళ్లు మండేది. మా మేనేజరుకు ఖర్చు చూసి మండింది. నెలాఖరుకు ఆ స్టాండు ఎత్తేద్దామని, అందుకు లెక్కలు తయారు చేయమని నాకే చెప్పాడు.

చేసేదాన్నే. కానీ చుక్కలు కదలడం లేదని తెర చెప్పింది గానీ ఎందుకో చెప్పలేదు. ఆ చిరాకుతోనే ఒక పొద్దున స్కూటీ వేసుకుని కాలనీకి పోయాను. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒకామె, చిన్న కూతురి చెయ్యి పట్టుకుని మా సైకిళ్ల పక్కనుంచే నడిచి, షేర్ ఆటో కోసం నిలబడింది. ఆమెలాగే ఇంకొందరు తల్లులు. నిన్న చీకటి పడ్డాక సైకిల్ మీదే ఇంటికొచ్చానని ఆమె చెప్పింది. మరి ఇప్పుడెందుకు ఎక్కవని కాస్త గట్టిగానే అడిగాను.

"పిల్లను బడికాడ దించి పోవాలె మేడం. దీని మీద యాడ కూసోబెట్టాలె?"

నిజమే, వెనక సీటు లేదు. స్టాండు తీసేస్తారట కదా అని తనే అడిగింది.

"మాపటికి పిల్లను పక్కింటోళ్లు తోలుకొస్తరు. నేను డ్యూటీ దిగేసరికి ఆటోలు బందైతయి. ఇది రాకముందు చీకట్ల నడిసొస్తుంటి" అన్నది.

ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆఫీసుకు పోయి, బడికి సెలవున్న రోజుల లెక్కలు విడిగా తీశాను. ఆ రోజుల్లో కాలనీ చుక్కలు పొద్దున్నే ఊళ్లోకి కదిలాయి! ఇన్నాళ్లూ అన్ని రోజులనూ కలిపి చూసిన నా తెలివిని నేనే తిట్టుకున్నాను. మేనేజరు ముందు ఆ తెర పెట్టి, కాలనీ సైకిళ్లకు పిల్లల సీట్లు బిగించేదాకా వదల్లేదు. ఆయన చూద్దామని గొణిగి, స్టాండుకు ఇంకొంత గడువిచ్చాడు.

సీట్లు బిగించాక ఒక పొద్దున ఆయన నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. కాలనీ నుంచి ఒక్కొక్క చుక్కే బయలుదేరుతోంది. అందులో ఒకటి దారిలో ఆగిపోయింది.

"గదేంది, నడిమిట్ల ఆగింది? ఖరాబైందా?" అన్నాడు.

"లేదు సార్, పిల్ల దిగుతున్నది" అన్నాను.

చుక్క మళ్లీ కదిలి ఆసుపత్రి వైపు మళ్లింది. ఆయన కాసేపు దాన్నే చూసి, ఈ పూట ట్రాలీ పంపొద్దని డ్రైవరుకు ఫోన్ చేశాడు. కాలనీ స్టాండును ఎవరూ ముట్టుకోవద్దని కూడా చెప్పాడు.