కాలువ తోక నుంచి నీళ్ల మొదలు దాకా

నేను నాలుగో తరగతి దాటలేదు. చేతికి కలం కన్నా కొడవలే అలవాటు. అందుకే ఈ యాత్ర సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాగితం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాను. చివరికి మా కాలువ దగ్గర మొదలుపెడదాం అనుకున్నాను. అక్కడైతే నాకు దారి తెలుసు.

మా అత్తగారి ఊరు నిజామాబాద్ జిల్లాలో వర్ని దిక్కు. నిజాంసాగర్ కాలువ నుంచి చీలిన ఒక చిన్న కాలువకు చిట్టచివర ఉంటుంది. అలాంటి ఊరిని మా వైపు తోక మీద ఊరు అంటారు. పై ఊళ్ల పొలాలన్నీ తాగాక మిగిలితేనే మాకు నీళ్లు. వరికీ చెరుకుకీ అవే దిక్కు. నీళ్లు రాని రోజు మా మామ పార భుజాన వేసుకుని కాలువ గట్టు వెంట పైకి నడిచేవాడట. ఎక్కడో ఒకచోట ఎవరో రాళ్లూ బురదా అడ్డం పెట్టి నీళ్లు తమ మడికి తిప్పుకుని ఉంటారు. ఆయన వాళ్లను నాలుగు తిట్లు తిట్టి, తానూ నాలుగు తిని, అడ్డు తీసి, నీళ్ల వెంట నడుస్తూ ఇంటికి వచ్చేవాడు. సద్ది మూట పట్టుకుని మా అత్తమ్మ కూడా వెనకాలే పోయేది.

ఒక కరువు ఏడాది వాళ్లిద్దరూ అలా నడిచి నడిచి డ్యామ్ దాకా పోయారట. అన్ని నీళ్లు ఒకచోట చూసి అత్తమ్మ అడిగిందట, "గీ నీళ్లు యాడికెల్లి వస్తున్నయి?" అని.

"మంజీర నుంచి" అన్నాడట మామ.

"మంజీర యాడికెల్లి వస్తది?"

"నాకేమెరుక? ఎవడో పైన ఇడుస్తుండు."

"అయితె గా పైన ఏమున్నదో సూడాలె."

"పోదాం తియ్యి ఒకనాడు" అని మామ నవ్వాడట. పోకముందే ఆయన కాలం చేశాడు. ఆ మాట మాత్రం అత్తమ్మ మనసులో ఉండిపోయింది.

బోధన్‌లో మేము బట్టలు కొనే దుకాణం ఒక మరాఠీ పెద్దమనిషిది. అందరూ ఆయన్ను సేటు అనేవారు. ప్రతి ఎండాకాలం ఆయన ఒక గుంపును వెంటబెట్టుకుని హరిద్వారం, బదరీనాథ్ యాత్రకు తీసుకుపోయేవాడు. ఒకసారి చీరలు చూపిస్తూ, మంచు కొండల మీది నుంచి గంగ దిగివచ్చే సంగతి చెప్పాడు. అత్తమ్మ చేతిలో ఉన్న చీర కింద పెట్టేసింది.

"నీళ్లన్నిటికి మొదలు గదేనా సేటు?"

"అదే మాజీ. దాని పైన ఇంకేం లేదు. ఆకాశమే." వాళ్ల భాషలో అమ్మను మాజీ అంటారు.

ఇది అరవైల్లోని మాట. నాకు పెళ్లై కొన్నేళ్లే. ఆ ఏడు చెరుకు ఫ్యాక్టరీకి తోలడం అయిపోయింది, వరి కోతలూ అయ్యాయి. కొత్తగా నాటిన చెరుకుకు నీళ్లు పెట్టాలి కాబట్టి మా ఆయన కదలలేడు. అత్తమ్మకు తోడు నేను పోవాలని తేల్చారు. నేను అప్పటిదాకా చూసిన దూర దేశం నిజామాబాద్ బజారు.

"అవ్వా, గంత దూరం నడుస్తవానె?" అని మా ఆయన తల్లిని అడిగాడు.

"నీళ్లు రాకుంటె ఇంట్ల కూసుండి ఏడుస్తె వస్తయార? ఎదురువోయి సూడాలె."

 మరునాడు నిజామాబాద్ పోయి తల్లికి తెల్లని కాన్వాసు బూట్లు తెచ్చాడు. మంచులో వట్టి కాళ్లతో ఎలా నడుస్తుందని ఆయన బాధ. అత్తమ్మ పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తొడగలేదు. నరికిన చెరుకు మోళ్ల మీద నేను చెప్పులతోనే గెంతుతుంటే, ఆమె వట్టి కాళ్లతో చకచకా పోయేది. ఆ బూట్లు చూడటానికి మా వాడకట్టంతా వచ్చింది.

"కాశికి పోయినోళ్లు కాటికి పోయినోళ్లు ఒక్కటే అంటరు. నువ్వు కాశిని గుడ దాటి పోతున్నవు గద వదినె" అని పక్కింటి ఆమె కొంగు కళ్లకు అద్దుకుంది.

"ఏడ్సేదుంటె ఇప్పుడే ఏడ్వు. నేనొచ్చినంక ఏడుస్తె బాగుండది" అంది అత్తమ్మ.

నిజామాబాద్ స్టేషన్‌లో చిన్న పట్టాల బండి ఎక్కాము. బాసర దగ్గర గోదారి దాటుతుంటే డబ్బాలో ఉన్నవాళ్లంతా లేచి దండం పెట్టారు. మన్మాడ్‌లో పెద్ద బండికి మారాము. దాని ముందు మన బండి ఆవు పక్కన దూడలా ఉంది. లోపల నిలబడటానికి కూడా చోటు లేదు. మా సామాను ఒక గోనె సంచిలో ఉంది. బోధన్ ఫ్యాక్టరీ చక్కెర సంచి అది, ఎర్ర అక్షరాల ముద్ర ఇంకా పోలేదు. దాని మీదే వంతులేసుకుని కూర్చున్నాము. రెండో రోజుకు నా కాళ్లు రోకళ్లలా వాచాయి. నోట్లో, ముక్కులో, తలలో బొగ్గు నుసి. స్టేషన్ వస్తే చెంబు పట్టుకుని నీళ్ల కోసం ఉరకడం, బండి కదులుతుంటే వెనక్కి ఉరకడం.

ఇంత కష్టంలోనూ కిటికీ దగ్గర చోటు దొరికితే చాలు, నేను అన్నీ మరిచిపోయేదాన్ని. ఎంత చూసినా భూమి అయిపోవడం లేదు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు దున్నుతున్నారు, మోట కొడుతున్నారు, బిడ్డను చంకన ఎత్తుకుని బండికి చేయి ఊపుతున్నారు. వాళ్ల మాట నాకు తెలియదు, పని మాత్రం తెలుసు. ఇంతమంది ఉన్నారా అని నాకు ఒళ్లు జలదరించింది. అత్తమ్మకు మాత్రం ఒకటే ధ్యాస. "గీ పొలానికి నీళ్లు యాడికెల్లి వస్తున్నయే?" అని ప్రతి పొలానికీ అడిగేది, ఆ కాలువలన్నీ నేనే కట్టించినట్టు.

హరిద్వారంలో గంగలో కాలు పెట్టగానే పాదం తెగిపోయిందేమో అనుకున్నాను. అంత చల్లదనం, అంత పరుగు. మండే ఎండలో ఆ నీళ్లు ఇంత చల్లగా ఎలా ఉన్నాయో అర్థం కాక నవ్వు వచ్చింది. అత్తమ్మ మూడు మునకలు వేసి లేచి, తలారకుండానే అటూ ఇటూ చూసి కేక వేసింది.

"పిల్లా! ఈడ గుడ తూములున్నయే!"

నిజమే. అక్కడి నుంచి ఒక పెద్ద కాలువ తీశారు. ఇనుప తలుపులు ఎత్తి నీళ్లు వదులుతున్నారు. అత్తమ్మ ఆ కాలువ పోతున్న దిక్కు చాలాసేపు చూసింది. "తోక యాడున్నదో పాపం" అంది.

అక్కడి నుంచి బస్సు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, లోయలో దారంలా గంగ. మలుపు మలుపుకూ బస్సులో అందరూ కక్కుతున్నారు. నేను మామిడికాయ తొక్కు పచ్చడి నాకుతూ, కళ్లు మూసుకుని దేవుళ్లను పిలిచాను. అత్తమ్మ మాత్రం కళ్లు మూయలేదు.

"అత్తమ్మా, కిందికి సూడకు."

"సూడకపోతె ఎందుకొచ్చినట్టు?"

బస్సు దారి అయిపోయిన చోట నుంచి నడక. సేటు అందరినీ బూట్లు తొడుక్కోమన్నాడు. అత్తమ్మ కొడుకు కొన్న బూట్లు తీసి, కళ్లకు అద్దుకుని తొడుక్కుంది. మేము చేసిన తప్పు అక్కడ తెలిసింది. ఎన్నడూ దేనిలోనూ దూరని ఆ వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. బూటులో ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. సాయంత్రం బసకు చేరేసరికి బూట్లు తీస్తే మడమల మీద తోలు లేదు, బొటనవేళ్లు నల్లగా కమిలి ఉన్నాయి. ఆమె అడుగు కింద పెట్టలేకపోయింది.

సేటు చూసి తల పట్టుకున్నాడు. "మాజీ, మీరు ఈడనే ఆగండ్రి. మేం దర్శనం చేసుకొని వాపసు వస్తం. లేకుంటె గీ గంప ఎక్కండ్రి."

అక్కడ మోతగాళ్లు నడవలేని వాళ్లను గంపలో కూర్చోబెట్టి వీపున మోసుకుపోతారు. ఒకతను గంప దించి, నవ్వుతూ రమ్మని చేయి చూపాడు.

"గంపల కూసోవాల్నా? నేనేమన్న వంకాయలనా?" అంది అత్తమ్మ. "నన్ను మోసుకుంట వాడు గంత ఎత్తు ఎక్కాల్నా? మనిషి మీద మనిషెక్కుడు నాతోని గాదు."

"అయితె రేపు పొద్దుగాల మీరు నడుస్తె వస్తరు, నడువకుంటె ఆగుతరు" అని సేటు ఖరాఖండిగా చెప్పాడు. గుంపు అంతటినీ ఒక మనిషి కోసం ఆపలేడు కదా.

నేను ఏడుపు ఆపుకుంటూ ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని వేడినీళ్లతో కడిగాను. మా తల్లిగారిది ఏర్గట్ల దిక్కు, పసుపు పండించే ఇల్లు. అమ్మ కట్టి ఇచ్చిన పసుపు మూట నా దగ్గర ఉంది. నూనెలో కలిపి పుళ్లకు పెట్టాను. ఆ పాదాల పగుళ్లలో మా పొలం నల్లమట్టి ఇంకా ఉంది. ఇన్ని ఊళ్లు దాటినా, గంగలో మునిగినా పోలేదు.

"అత్తమ్మా, గిప్పుడెట్ల?"

ఆమె మా గోనె సంచి వైపు చూసింది. తర్వాత అడిగింది, "చెరుకు కొట్టేటోళ్లు ఏం జేస్తరే?"

నాకు వెంటనే అర్థమైంది. చెరుకు ఆకు కత్తిలా కోస్తుంది. అందుకని మావైపు చెరుకు కొట్టేవాళ్లు చేతులకూ పిక్కలకూ పాత గోనె పీలికలు చుట్టుకుంటారు. నేను సామాను దులిపి చక్కెర సంచి ఖాళీ చేశాను. కత్తి అడిగి తెచ్చి పీలికలు చీల్చాను. తెల్లవారాక లోపల మెత్తటి పాత చీర గుడ్డ, పైన గోనె పెట్టి, వేళ్లకు ఇరుకు లేకుండా వదులుగా చుట్టి, సుతిలి తాడుతో కట్టాను. ఫ్యాక్టరీ ఎర్ర ముద్ర సరిగ్గా ఎడమ మడమ మీదికి వచ్చింది. అత్తమ్మ లేచి నిలబడింది. ఒక అడుగు. మరొకటి. పళ్లు బిగబట్టింది గాని ఆగలేదు. బూట్లు మెడలో వేలాడదీసుకుంది. కొడుకు కొన్నవి, పారేయదు.

ఎక్కుతుంటే గాలి సరిపోయేది కాదు. నాలుగు అడుగులు వేస్తే నా ఛాతీ కొలిమి తిత్తిలా కొట్టుకునేది. రెండు చీరలు కట్టి, గొంగడి కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. ఒక మలుపు తిరిగాక సేటు వేలు చూపించాడు. ఆకాశం మీద తెల్లగా ఏదో ఉంది. మబ్బు అనుకున్నాను. మబ్బు కదులుతుంది కదా, అది కదలడం లేదు. అది కొండ. అంత ఎత్తున కొండ ఉంటుందని తెలియక, నేను తల అంత పైకి ఎత్తి ఎన్నడూ చూడలేదు.

మా గుంపులో బోధన్ నుంచి వచ్చిన ఒకాయన, "ఫ్యాక్టరీ గోదాం పలిగి చక్కెరంత ఒలికినట్టున్నది గదనే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. నా లాంటి దానికి ఇది చూపించిన వాళ్లెవరో, వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

బదరీనాథ్ చేరాము. పక్కన మంచులాంటి నది, ఒడ్డునే పొగలు కక్కే వేడినీళ్ల గుండం. అత్తమ్మ కట్లు విప్పి ఆ వేడినీళ్లు కాళ్ల మీద పోసుకుని "అబ్బ" అంది. దర్శనం అయింది. అందరి మొహాలూ తేలికపడ్డాయి. ఆమె మొహం మాత్రం ఇంకా ఎదురుచూస్తోంది.

మరునాడు పొద్దున మళ్లీ కట్లు కట్టించుకుని సేటును అడిగింది, "నీళ్ల మొదలు యాడున్నది?"

ఆయన పైకి చేయి చూపాడు. నది వచ్చే దిక్కంతా తెలుపు, ఆ వెనక ఇంకా తెలుపు. "అంత మంచే మాజీ. అటు మనకు తొవ్వ లేదు. మొదలు ఎవ్వరికి కనపడది."

ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. నీళ్లు రాని ఏడాది కాలువ గట్టు మీద నిలబడినప్పుడు ఉండే ముఖం అది.

"జర దూరం పోయొస్త" అని నా చేయి పట్టుకుంది. ఇళ్లు దాటి నది ఒడ్డున కొంచెం నడిచాము. వాలు మీద మంచు దిబ్బ ఒకటి పడుకున్న ఎద్దులా ఉంది. అత్తమ్మ కాస్త గిల్లి నోట్లో వేసుకుని, "తియ్యగ లేదు" అంది. అంతలో ఆగిపోయింది. మెల్లగా గొంతుక్కూర్చుంది.

"పిల్లా, గిటు సూడు."

దిబ్బ అంచు కింద ఒక చుక్క వేలాడుతోంది. పడింది. ఇంకో చుక్క వచ్చింది. కింద అన్నీ కలిసి దారమంత సన్నగా గులకరాళ్ల మధ్యకు జారుతున్నాయి.

"గిప్పుడే పుడుతున్నయే" అంది. పురిటింట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించింది.

"గింత సన్నగనా అత్తమ్మా?"

"పుట్టినప్పుడు ఎవలైన గింతనే ఉంటరు."

దోసిలి పట్టింది. నిండేదాకా ఓపిగ్గా కూర్చుని తాగింది. నాకూ పట్టించింది. పళ్లు జివ్వుమన్నాయి.

"మీ మామ సూస్తె బాగుండు. బతికినన్ని దినాలు తోక మీదనే బతికినం. ఇయ్యాల మన పైన ఎవ్వలు లేరు సూడు" అంది. ఆమె కళ్లు తుడుచుకోలేదు.

మేము కూర్చున్నప్పుడు కదిలిన గులకరాళ్లు ఆ సన్నటి ధారకు అడ్డం పడటంతో చిన్న మడుగు కట్టింది. అత్తమ్మ అది చూసింది. చూసిన వెంటనే గోనె చుట్టిన కాలు చాపి, మా మడి గట్టు దగ్గర చేసినట్టే, బొటనవేలితో రాళ్లను పక్కకు తోసింది.

"నడువు, నడువు. కిందోళ్లకు పోవాలె గద" అని నీళ్లతో అంది.

నీళ్లు కదిలాయి. అవి రాయి చుట్టూ తిరిగి, వాలు దిగి, కనపడకుండా పోయేదాకా మేము అక్కడే నిలబడ్డాము.