కాగితానికెక్కిన పూలు

మా అమ్మతో ఆ కథ చెప్పించింది నేనే. ఈ ముక్క ఒప్పుకోకుండా మిగతాది రాయలేను.

మేం వలసొచ్చిన గుజరాతీ ఊరు కోసాడ్‌లో మా కాలనీ వెనుక ఖాడీ పారుతుంది. ఒకప్పుడు వాగు. ఇప్పుడు దాని గట్టున ఒక అద్దకం మిల్లు పైపు ఉంది. నీళ్ళు ఒకరోజు మెరూన్, ఒకరోజు చిలకాకుపచ్చ. వానాకాలంలో అవి మా గ్రౌండ్ ఫ్లోర్ గదిలోకి వస్తాయి. ఆ నీళ్ళలో నిలబడి సామాన్లు మంచం మీదికి ఎక్కించీ ఎక్కించీ అమ్మ పాదాలకు పుళ్ళు పడ్డాయి.

పోయిన ఏడాది అధికారులు, మిల్లుల వాళ్ళు, కాలనీ వాళ్ళు కలిసి కూర్చునేందుకు ఒక సమితి వేశారు. నీళ్ళను ఎక్కడ పరీక్షించాలో అదే తేలుస్తుందట. మాకు కావలసింది ఒక్కటే, పరీక్ష పైపు దగ్గర జరగాలి. సమావేశం నడిపే మేడం డబ్బున్నవాళ్ళుండే అడాజన్ నుంచి కారులో వచ్చేది. ఫిర్యాదులు వద్దు, మీ కథలు చెప్పండి, కథ వింటే ఎవరి మనసైనా కరుగుతుంది అంది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చని నన్ను అనువాదానికి కూర్చోబెట్టారు. నలుగురిలో నోరు పెగలని దాన్ని. అయినా ఆమె మాట నమ్మాను. చాటుగా పుస్తకాలు చదివి ఏడ్చేదాన్ని, నమ్మక ఏం చేస్తాను?

"అమ్మా, బతుకమ్మ ముచ్చట చెప్పు," అన్నాను.

చెప్పింది. తంగేడు, గునుగు ఊరి నుంచి బస్సులో గోనెసంచుల్లో తెప్పించుకునేవాళ్ళమని, ఆడవాళ్ళంతా మెట్లు దిగి ఖాడీలో బతుకమ్మను సాగనంపేవాళ్ళమని. "గప్పుడు నీళ్ళల్ల మా మొకాలు కనవడేటియి. ఇప్పుడు పువ్వులు ఇడిస్తె చేతులు మండుతున్నయి. గా పైపు వెట్టినంకనే గిట్లయింది."

ఒక్క మాట వదలకుండా చెప్పాను. మేడం కళ్ళు తుడుచుకుంది. మిల్లుల తరఫున వచ్చిన పెద్దమనిషి చప్పట్లు కూడా కొట్టాడు.

తర్వాతి సమావేశంలో నివేదిక చేతికిచ్చారు. పండుగ పూలను ఏటా ఖాడీలో వేస్తున్నట్టు నివాసులే స్వయంగా తెలిపారు కనుక మెట్ల దగ్గరి నీటిని పరీక్షించాలి అని ఉంది. పైపు అన్న మాట ఎక్కడా లేదు.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

చదివి చెప్పాను. అమ్మ ముఖం మాడిపోయింది.

"నా బతుకమ్మనే దొరికిందా ఈళ్ళకు? పైపు ముచ్చట ఏడ వోయింది? అడుగు."

అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అది ఆరోపణ, బెన్," అంది మేడం, చెల్లెల్ని పిలిచినట్టు నవ్వుతూ. "ఇక్కడ మనం ఒకరిని ఒకరు వేలెత్తి చూపించుకోం. మీ అమ్మగారి కథ ఎంత అందంగా ఉందో!"

"పూలు కుళ్ళినా రంగు దిగుతుంది కదా, మాసీ," అన్నాడు పెద్దమనిషి అమ్మతో. "మీరు కొంచెం తగ్గించుకోండి, మేమూ కొంచెం తగ్గించుకుంటాం."

"నేనేమన్న మిల్లు నడుపుతున్ననా?" అంది అమ్మ. దాన్ని గుజరాతీలోకి మార్చేలోపే సంతకాల కాగితం తిరగడం మొదలైంది. అమ్మ పెట్టలేదు. మిగతావాళ్ళు పెట్టారు.

బయటికి వస్తుంటే పక్కింటామె, "నీ బిడ్డ సదువు మా బతుకమ్మ మీదికే తెచ్చె గదక్కా," అంది. అమ్మ నన్ను వెనకేసుకు రాలేదు.

ఆ సాయంత్రం డైరీలో మేడంను రెండు పేజీలు తిట్టాను. చదువుకుంటే ఆ తిట్లు కూడా అందంగానే ఉన్నాయి. చించేశాను.

వారం తర్వాత శాంపిల్ తీసే అతను సీసాలతో వచ్చాడు. అమ్మ కుంటుతూ ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"ఇటు రా భాయ్, ఇటు. చెప్పవేందే ఆయనకు!"

పైపు అక్కడుంది, ఈ రోజు ఎర్రనీళ్ళు వస్తున్నాయి అని చెప్పాను. కథేమీ చెప్పలేదు.

"కాగితంలో మెట్లే ఉన్నాయి," అని వంగి సీసా ముంచాడు.

ఒక ఖాళీ నీళ్ళ బాటిల్ తీసుకుని పైపు దగ్గరికి వెళ్ళి నింపాను. చేతులు మండాయి. తెచ్చి అతని సంచిలో పెట్టాను. అతను దాన్ని రెండు వేళ్ళతో తీసి మెట్టు మీద పెట్టి, తన సీసాకు మూత బిగించుకుని స్కూటర్ ఎక్కాడు.

ఆ బాటిల్ ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు.