సబ్బు పెడితే ఎర్రగైన చేతులు

నవ్వకుండ వింటమంటేనే చెప్త. లాల్‌దర్వాజల మా అంగన్‌వాడీ ఉన్న గల్లీల నన్ను మొన్నటిదాంక సరళ టీచర్ అనేటోళ్లు. నిన్నటి సంది దిష్టి టీచర్ అంటున్నరు! పిల్లలకు చేతులు కడుక్కునుడు నేర్పవోతే అయిన కథ ఇది.

ఈ వానలకు మా పిల్లలకు ఒకరి నుంచి ఒకరికి మోషన్స్ పట్టుకున్నయ్. మట్టిల ఆడుతరు, అదే చేతితోని గుడ్డు తింటరు. పిల్లలకు అందే ఎత్తుల ఒక నీళ్ల నల్లా పెట్టియ్యుండ్రి అని సూపర్‌వైజర్ మేడంను ఎన్నిసార్లు బతిమాలిననో! చివరికి మేడం, "ముందు కడుక్కునుడు నేర్పియ్యి. శుక్రవారం వచ్చి చూస్త. నచ్చితే నల్లా కోసం ఆఫీసుకు రాస్త" అన్నది. ఇగ చూడుండ్రి నా జోష్!

క్రిములు కంటికి కనవడయి గదా? పసుపునే క్రిములనుకుందాం అనుకున్న. నిన్న శుక్రవారమాయె, మేడం వచ్చేలోపల ఒక ట్రయల్ చేద్దామని నా చేతులకు పసుపు దట్టంగ పూసుకొని ఒక పిల్లకు షేక్‌హ్యాండ్ ఇచ్చిన. ఆ పిల్ల పక్కపిల్లకు ఇచ్చింది. జరసేపట్లనే తలుపు పసుపు, బొమ్మలు పసుపు, మా ఆయా యాదమ్మ కొంగు పసుపు.

"చూసిండ్రా, రోగం గిట్లనే పాకుతది! మరి సబ్బు పెడితే?"

"పోతది టీచర్!" అని అందరు ఒర్లిండ్రు.

ఒంటి సబ్బు చూస్తే అయిపోయింది. యాదమ్మ బట్టల సబ్బు తెచ్చింది. సబ్బు సబ్బే గదా, ఏం ఫికర్ అనుకున్న. టబ్బు పెట్టి, చెంబుతోని నీళ్లు పోసి రుద్దిపిచ్చిన.

అమ్మో! పసుపు పోవుడు పక్కకు, చేతులన్ని ఎర్రగైనయ్! అఫ్రీన్ అని మా దగ్గర అందరికంటె గట్టి గొంతు పిల్ల, "ఖూన్! టీచర్, ఖూన్!" అని నెత్తురనుకొని ఏడుపు అందుకున్నది. ఆమెను చూసి మిగిలినోళ్లు. గబగబ అఫ్రీన్ చేయి పట్టి చూసిన, యాడ గూడ తెగలేదు. తర్వాత తట్టింది. పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది గదా, బట్టల సబ్బు గూడ గదే పని చేసింది. నీళ్లు పోసినకొద్ది ఎరుపు పోయింది, పిల్లలు చల్లవడ్డరు. టబ్బుల నీళ్లు మాత్రం ఎర్రగ మెరుస్తున్నయ్.

యాదమ్మ టబ్బు దిక్కు చూసింది. "టీచరమ్మా, దిష్టి నీళ్లు తయారే ఉన్నయ్. ఊకెనే ఎందుకు పారవోసుడు? పోరగాండ్లు బీమారైతున్నరు గద!" నేను వద్దనేలోపల్నే చెంబుల ముంచి పిల్లల చుట్టు తిప్పింది. తిప్పి ఊకున్నదా? టబ్బు టబ్బంత తీస్కపోయి గేటు ముందల గుమ్మరిచ్చింది!

మా గల్లీ ఎంత? ఒక ఆటో వస్తే మనిషి గోడకు అతుక్కోవాలె. ఈ గోడ నుంచి ఆ గోడ దాంక ఎర్రనీళ్లే. దిష్టి నీళ్లు ఎవరు దాటుతరు? ఆటో భాయ్ ఒకాయన "అరే బాప్ రే!" అని బ్రేక్ కొట్టి, రివర్స్ల పోయిండు. పిల్లల కోసం వచ్చిన అమ్మలు అవతల్నే ఆగిండ్రు. "ఎవరు పోసిండ్రు టీచర్? పిల్లలను దాటనియ్యకుండ్రి!" అని ఒకటే లొల్లి. గప్పుడే మేడం స్కూటీ వచ్చి ఆగింది. నా నల్లా పోయింది అనుకున్న.

"మేడం, అది దిష్టి గాదు! ఉత్త పసుపు, బట్టల సబ్బు!" అని మొత్తుకున్న.

"దిష్టి తీసిన మాట నిజమే గద టీచరమ్మా" అన్నది వెనుక నుంచి యాదమ్మ. అబ్బ, ఆమె నోరు!

మేడం చీర కుచ్చెళ్లు జర పైకి పట్టుకున్నది. "తెలుసు సరళా, నేను కెమిస్ట్రీ చదివిన. అయినా ఎందుకు... ఈడికెల్లి మంచిగనే కనవడుతది. చేపియ్యి."

ఇగ పిల్లలను గేటుల నిలబెట్టి, పసుపు లేకుండ మళ్లా మొదలుపెట్టిన. అరచేతులు, వెనుక దిక్కు, వేళ్ల సందులు. నేను తొందరల గోర్లు మర్చిపోయిన. "గోర్లు, టీచర్! గోర్లు!" అని అఫ్రీన్ నన్నే గదమాయిచ్చింది. మేడం పకపక నవ్వింది. "నల్లాకు రాస్త పో. సబ్బు మాత్రం మంచిది కొను!" అని అటునుంచి అటే పోయింది. నాకైతే కండ్లల్ల నీళ్లే తిరిగినయ్.

పిల్లలను నేనూ యాదమ్మ నీళ్ల మీదికెల్లి ఎత్తి అమ్మలకు అందిచ్చినం. ఇగ నేను ఇంటికి పోవుడే మిగిలింది. పసుపు నాదే, సబ్బు నాదే, అది దిష్టి గాదని గల్లీ మొత్తానికి చెప్పింది గూడ నేనే. కాలు లేస్తే ఒట్టు! చెప్పులు సంకల పెట్టుకొని, పాన్ ఉమ్మిన గోడను రెండు చేతులతోని కరుచుకొని, గోడ కింద బయటికొచ్చిన రాళ్ల అంచు మీద అడుగు అడుగు జరుగుతున్న.

అవతల అమ్మ సంకల నుంచి అఫ్రీన్ కేక: "టీచర్! గలీజ్ గోడ పట్టినవ్! సబ్బు పెట్టుకో!"

ఏం జేస్త? పిల్లలకు నేర్పినదాన్ని. మళ్లా లోపలికి పోయి గోర్లతోని సహా కడుక్కున్న. తుడుచుకుంటుంటె యాదికొచ్చింది, బయటికి పోవాలంటే మళ్లా గదే గోడ పట్టుకోవాలె!