బుధవారం వంట క్లాసు

1979లో తిరుపతిలో మా మహిళా మండలి వాళ్లు బుధవారం సాయంత్రాలు వంట క్లాసు పెట్టారు. పప్పూ చారూ నేర్పడానికి కాదు, అవి రాని ఆడది మా వీధుల్లో ఎవరుంది గనక? బ్రెడ్డు, బిస్కెట్లు, కేకు నేర్పేవారు. టీచరు రుక్మిణమ్మగారు బెంగుళూరులో నేర్చుకుని వచ్చినావిడ. బొగ్గుల పొయ్యి మీద పెద్ద దబరా, అందులో ఇసుక, ఇసుకలో కేకు గిన్నె, మూత మీద నిప్పులు. అదే మా ఓవెను. అంతమంది ఆడవాళ్ల మధ్య ఒకే ఒక్క మగవాడు ఉండేవాడు. రామచంద్ర అని, మునిలక్ష్మి మొగుడు.

మునిలక్ష్మి పుట్టిల్లు ఐరాల. చామనచాయ, సన్నటి మనిషి, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. ఆమె బావగారు మునివెంకటప్పకు రైల్వే స్టేషను దగ్గర మెస్సు ఉండేది. కొండకు వచ్చే భక్తులకు భోజనాలు పెట్టేవాడు. తమ్ముడు రామచంద్ర అక్కడ సాంబారు కాచేవాడు, మునిలక్ష్మి పెరట్లో రోలు దగ్గర కూర్చుని రుబ్బేది. టీతో పాటు కేకు ముక్క కూడా అమ్మితే బాగుంటుందని మునివెంకటప్పకు తోచి తమ్ముణ్ణి క్లాసుకు పంపాడు. మగవాళ్లకు క్లాసు లేదని మండలి వాళ్లు వెనక్కి పంపితే, "అయితే నీ పెండ్లాన్ని చేర్పించి నువ్వు తోడుగా పో" అన్నాడు. అట్లా ఇద్దరూ వచ్చారు.

మొదట్లో మేమంతా నవ్వుకున్నాం. పిండి అతను జల్లించేవాడు, వెన్నా చక్కెరా ఆమె గిలక్కొట్టేది. ఒకే గిన్నెలోకి ఇద్దరూ తలలు వంచి ఎంతసేపూ ఏదో చెప్పుకుంటూనే ఉండేవాళ్లు. మాతో నాలుగు మాటలు కలపని మునిలక్ష్మి అతను ఏదో అనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. పెళ్లయి మూడేళ్లు దాటిందంటే ఎవరూ నమ్మరు.

"మొగుడూ పెండ్లాం ఇంట్లో మాట్లాడుకోరా ఏంది, ఈడికొచ్చి ముచ్చట్లు?" అని ఒకసారి ఆటపట్టించాను.

"ఇంట్లో యాడ కుదురుతాది అక్కా" అంది.

నిజంగానే కుదరదు. ఆ ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకటి బావగారిది. రెండోదాన్ని యాత్రికులకు బాడుగకిచ్చేవారు. మునిలక్ష్మి వసారాలో అత్త సుబ్బులమ్మ పక్కన చాప వేసుకునేది. రామచంద్ర మెస్సులో బెంచీల మీద పడుకునేవాడు. పగలు పెద్దవాళ్ల ముందు మొగుడితో నోరు విప్పితే సిగ్గులేనిదంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్ల కాపురం ఇదే. మూసుకోవడానికి ఒక తలుపంటూ లేని కాపురం. పైపెచ్చు పిల్లలు పుట్టలేదని ఆ పిల్లకు రోజూ దెప్పిపొడుపులు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిల్లలు చెట్లకు కాస్తారా?

అందుకే బుధవారం కోసం ఆమె వారమంతా ఎదురుచూసేది. క్లాసు అయ్యాక ఇద్దరూ తిన్నగా ఇంటికి పోయేవాళ్లు కాదు. బజారు వీధులన్నీ చుట్టబెట్టి, ఒక బొరుగుల పొట్లం కొనుక్కుని తింటూ, చీకటి పడేలోపు చేరుకునేవాళ్లు. ఇంటి మలుపు రాగానే అతను ముందు, ఆమె పది అడుగులు వెనక.

రెండు నెలల క్లాసు ముగిసింది. నేర్చుకున్నది చేసి చూపించమన్నాడు మునివెంకటప్ప. మునిలక్ష్మికి గుండెల్లో రాయి పడింది. కేకు బాగా వస్తే ఇక క్లాసుతో పనేముంది? భక్తులు తినేది గనక గుడ్డు వేయకూడదు. గుడ్డు లేనప్పుడు పొంగే భారమంతా సోడా ఉప్పుదేనని రుక్మిణమ్మగారు చిలక్కి చెప్పినట్టు చెప్పేవారు. ఆ రోజు మునిలక్ష్మి సోడా వేయలేదు. మొగుడికి చెప్పే మానేసింది. ఇద్దరూ పొయ్యి దగ్గర దొంగల్లా నవ్వుకున్నారట. కేకు గట్టి రొట్టెలా అణిగిపోయింది. మునివెంకటప్ప ఒక ముక్క నమిలి, "మీకింకా చెయ్యి తిరగలేదురా. ఇంకో విడత పోండి" అన్నాడు.

ఆ రెండు నెలలూ వాళ్ల మొహాల్లో ఉన్న వెలుగు నేను చూశాను. దేనికో నాకప్పుడు తెలియదు.

రెండో విడత చివర్న ఆమె మళ్లీ సోడా మానేసింది. ఈసారి పళ్లెంలోని కేకును చూసి మాట్లాడింది సుబ్బులమ్మ.

"అందురికీ పొంగేది దీనికే ఎందుకు పొంగలా? దీనికి చేతివాసి లేదప్పా. దీని చేతిలో పిండీ పొంగలా, కడుపూ పొంగలా."

ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. మెస్సులో పప్పు మాడినా మునిలక్ష్మి చేతివాసే, పాలు విరిగినా మునిలక్ష్మి చేతివాసే. మునివెంకటప్ప ఆమెను రోలు దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆ ఏడాది తిరక్కముందే ఆమెను పుట్టింటికి పంపేసి, రామచంద్రకు పూతలపట్టులో దూరపు బంధువుల పిల్లను చేయాలని తేల్చేశారు.

సోడా వేయలేదన్న ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఎందుకు వేయలేదని అడుగుతారు కదా. మొగుడితో వారానికొక సాయంత్రం తిరగడానికని అత్త ముందు, బావగారి ముందు ఏ నోటితో చెబుతుంది? ఆ ఇంట్లో పుట్టినవాడు, మగవాడు, అతను చెబుతాడని ఆశపడింది. పెద్దవాళ్లు కూర్చుని తేల్చిన రోజు గడప పక్కన నిలబడి అతని మొహమే చూసిందట. అతను తల వంచుకుని సాంబారు బకెట్టు ఎత్తుకుని మెస్సుకు వెళ్లిపోయాడు.

ఐరాల బస్సు ఎక్కించడానికి మాత్రం వచ్చాడు. బస్టాండులో ఆమె అడిగింది.

"నువ్వన్నా చెప్పుండొచ్చు గదా."

"ఎట్ల చెప్పేది మే. అందురూ నగుతారు."

నలుగురూ నవ్వుతారని కట్టుకున్నదాన్ని బస్సెక్కించాడు. చెడ్డవాడంటే తిట్టి ఊరుకుందును. అతను చెడ్డవాడు కూడా కాదు. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడట.

ఇదంతా మునిలక్ష్మే నాకు చెప్పింది. మా చిన్నమ్మగారిది ఐరాలే. మరుసటి వేసవిలో అక్కడికి పోయినప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. అన్న ఇంటి అరుగు మీద కూలికి చింతపండు గింజలు తీస్తోంది. ఇంకా చిక్కిపోయింది. చెప్పేదంతా చెప్పి, చివరికి తలెత్తకుండా అడిగింది.

"ఆయనకు పెండ్లి అయిందా అక్కా?"

"అయింది."

"బాగుండారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆ ఇంటి మీది కోపం నా నోరు ఆగనివ్వలేదు. "బాగుండక ఏం రోగం? కొత్త పెండ్లికూతురి కోసమని మీ అత్త పోరు పెట్టి మిద్దె మీద రేకుల గది వేయించింది. కొత్త జంట వసారాలో పడుకుంటే ఎట్లా అందంట."

మునిలక్ష్మి చేతులు ఆగిపోయాయి.

"గదికి తలుపు ఉండాదా అక్కా?"

ఉందని చెప్పాను.

"లోపల గడియ?"

అదీ ఉందని చెప్పక తప్పలేదు.